ఎవరి గ్లాసులోకి చూశారు?

మన దగ్గర అమ్మే విస్కీ సీసానో బ్రాందీ సీసానో తిప్పి, లేబుల్ మీద చిన్న అక్షరాలు చదవండి. ఆల్కహాల్ 42.8 శాతం అని ఉంటుంది. కొన్నిటి మీద 75 డిగ్రీల ప్రూఫ్ అనో, 25 యు.పి. అనో కూడా రాసుంటుంది. నలభై కాదు, నలభై ఐదు కాదు, ఈ 42.8 ఎక్కణ్ణించి వచ్చింది? డిగ్రీలో కెమిస్ట్రీ చదివే రోజుల్లో నన్ను పట్టుకున్న ప్రశ్న ఇది. జవాబు కెమిస్ట్రీ పుస్తకంలో దొరకలేదు. పన్నుల చరిత్రలో దొరికింది.

పూర్వం ఇంగ్లండులో సారా ఘాటు తేల్చడానికి ఒక మొరటు పద్ధతి ఉండేది. తుపాకి మందుని సారాలో తడిపి నిప్పు పెట్టేవాళ్ళు. మందు అంటుకుంటే సరుకు గట్టిదని ‘ప్రూఫ్’ దొరికినట్టు. అంటుకోకపోతే నీళ్ళు కలిసినట్టు. 1816లో బ్రిటిష్ ప్రభుత్వం ఈ తతంగం పక్కన పెట్టి, బార్తలోమ్యూ సైక్స్ అనే ఆయన తయారుచేసిన హైడ్రోమీటర్‌ని చట్టబద్ధం చేసింది. ఇత్తడి గుండు సారాలో ఎంత లోతుకి మునిగిందో చూసి ఘాటు లెక్కకట్టే పరికరం అది. ఆ లెక్కలో ప్రూఫ్ అంటే ఇప్పటి కొలతలో 57.1 శాతం ఆల్కహాల్. ప్రూఫ్ కంటే పాతిక పాళ్ళు తక్కువ, అంటే 25 అండర్ ప్రూఫ్, అంటే 42.8. ఇంగ్లండువాళ్ళే ప్రూఫ్ లెక్క వదిలేశారు. మన సీసా మీద మాత్రం సైక్స్ గుండు ఇంకా తేలుతూనే ఉంది.

ఇంత శ్రద్ధగా ఎందుకు కొలిచారంటే, సుంకం వేసేది ఘాటుని బట్టి కాబట్టి. నీళ్ళ మీద సుంకం రాదు కదా. 1886 నాటి మద్రాసు ఆబ్కారీ చట్టం కింద గుంటూరు సీమకి వచ్చిన పద్ధతీ ఇదే కుదురులోది. ఎవరు కాచాలి, ఎవరు గీయాలి, ఏ దుకాణంలో అమ్మాలి, ఖజానాకి ఎంత కట్టాలి, అన్నిటికీ లైసెన్సు. సీసాలోకి సర్కారు చూసిన చూపు గురించి నాకు అర్థమైనంతలో మొదటి మాట ఇది: ఆ చూపు తాగేవాడి కోసం పుట్టింది కాదు.

ఇది తెల్లవాడు తెచ్చిన బుద్ధి మాత్రమే అనుకుంటే పొరపాటు. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడనే అధికారికి ఒక అధ్యాయమే ఉంది. మేదకం, ప్రసన్న, ఆసవం, అరిష్టం, మైరేయం, మధువు అని మద్యాలని ఆరుగా విడగొట్టి, ఏది దేంతో చెయ్యాలో పాళ్ళతో సహా చెప్తాడు. ఏ మద్యం ఏదో తేల్చి చెప్పడం రాజ్యం పని అని మన దగ్గర అంత స్పష్టంగా రాసిన పాత పుస్తకం నాకు ఇంకోటి తెలీదు. అదే అధ్యాయంలో చెడిపోయిన సుర సంగతీ వస్తుంది. దాన్ని ఏం చెయ్యాలి? వేరే చోట అమ్మొచ్చు, లేదా దాసులకీ పనివాళ్ళకీ కూలి కింద ఇవ్వొచ్చు, బండి లాగే పశువులకి పోయొచ్చు, పందులకి పెట్టొచ్చు. ఈ వరసని ఒకసారి నిదానంగా చదవండి. పారబొయ్యమని మాత్రం లేదు.

మరి తాగేవాడు తన గ్లాసులో ఏముందో ఎట్లా తెలుసుకున్నాడు? కళ్ళతో, ముక్కుతో, అగ్గిపుల్లతో. వినుకొండ వైపు మా అమ్మగారి ఊళ్ళో మా పెద్ద మేనమామకి దీంట్లో పేరుండేది. నాటుసారా వస్తే సీసా గట్టిగా ఊపి నురగ పూసలు ఎంతసేపు నిలుస్తాయో చూసేవాడు. చుక్క అరచేతిలో వేసి రుద్ది వాసన చూసేవాడు. చివరికి చెంచాలో పోసి వెలిగించేవాడు. నీలిమంట లేస్తే మంచి సరుకు. “ఇదిగో అబ్బాయ్, మంట అబద్ధం చెప్పదు” అనేవాడు. నల్లబెల్లం, తుమ్మచెక్క, నవసారం వేసి ఊరబెట్టి కాచే సారా వరకూ ఆయన పరీక్ష బాగానే పనిచేసింది. ఎందుకంటే అక్కడ ఆయన తేల్చేది నీళ్ళెంత, సారా ఎంత అన్నది. సైక్స్ హైడ్రోమీటర్ తేల్చేదీ అదే.

ఈ రెండు పరీక్షలూ ఒకేచోట గుడ్డివి. ఆల్కహాల్‌లో మనిషి తాగేది ఇథనాల్. దానికి అచ్చం తోబుట్టువులా ఉండేది మిథనాల్. ఇరవై డిగ్రీల వేడి దగ్గర నీటి సాంద్రత ఒకటి అనుకుంటే ఇథనాల్‌ది 0.789, మిథనాల్‌ది 0.792. హైడ్రోమీటర్ గుండుకి ఈ తేడా తేడానే కాదు. రెంటికీ రంగు లేదు. వాసన దగ్గర దగ్గర. విడిగా మిథనాల్ మంట పగటి వెలుతుర్లో సరిగా కనపడదు గానీ, రెండూ కలిపి వెలిగిస్తే ఇథనాల్ నీలిమంటే కనిపిస్తుంది. మా మామ చెంచాలో మంట అక్కడ అబద్ధమే చెప్తుంది.

ఒంట్లోకి వెళ్ళాక మాత్రం తోబుట్టువుల దారులు వేరు. కాలేయం మిథనాల్‌ని ముందు ఫార్మాల్డిహైడ్‌గా, తర్వాత ఫార్మిక్ ఆమ్లంగా మారుస్తుంది. ఆ ఆమ్లం కంటినరాన్ని దెబ్బతీస్తుంది, రక్తాన్ని ఆమ్లమయం చేస్తుంది. పది మిల్లీలీటర్లు చాలు, చూపు పోవచ్చు. తాగిన వెంటనే మామూలు మత్తే ఉంటుంది. గంటలు గడిచాక కడుపునొప్పి, వాంతులు, కళ్ళ ముందు మంచు. అప్పటికి పక్కవాడు కూడా అదే సీసాలోంచి తాగి ఉంటాడు. ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడుల్లో ఒకటి ఇథనాలే కావడం ఇంకో విచిత్రం. కాలేయం ముందు దాని పని చూసుకుంటుంది, ఈలోగా మిథనాల్‌ని బయటికి పంపొచ్చు.

బెల్లం ఊటలోంచి మిథనాల్ పుట్టేది బహు తక్కువ. పళ్ళలో ఉండే పెక్టిన్ అందులో ఉండదు కాబట్టి. మనుషుల్ని చంపేంత మిథనాల్ సీసాలోకి వచ్చిందంటే సాధారణంగా అది ఫ్యాక్టరీ స్పిరిట్ నుంచే వస్తుంది. అసలు ఆ స్పిరిట్‌లో మిథనాల్ కలపడం ఎవరి ఆలోచన? 1855లో బ్రిటిష్ ప్రభుత్వం పరిశ్రమలకి సుంకం లేని స్పిరిట్ ఇవ్వడానికి ఒప్పుకుంది. జనం దాన్ని తాగేస్తే ఖజానాకి నష్టం. అందుకని అందులో కలప నుంచి తీసిన మిథనాల్ కలపమంది. మిథిలేటెడ్ స్పిరిట్ అని ఇప్పటికీ అంటాం కదా, ఆ పేరు అక్కడిదే. అమెరికాలో మద్యనిషేధం నడుస్తున్నప్పుడు, 1920ల చివర్లో, ప్రభుత్వం ఈ మోతాదు తెలిసి తెలిసీ పెంచింది. ఆ స్పిరిట్ తాగి చాలామంది పోయారు. మనుషులు తాగకుండా కలిపిన విషం అని మనం అనుకుంటాం. పుట్టుకలో అది సుంకం ఎగ్గొట్టకుండా కలిపిన విషం.

ఇక మన నేలకి వద్దాం. మద్యం చుట్టూ రాజకీయం గుంటూరు, ప్రకాశం ప్రాంతాల్లో నడిచినంత గట్టిగా తక్కువచోట్ల నడిచి ఉంటుంది. మద్రాసు రాష్ట్రంలో 1937లో సేలం జిల్లాతో మొదలైన నిషేధం 1948కల్లా రాష్ట్రమంతా పాకింది, గుంటూరుతో సహా. 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది. ఒంగోలు దగ్గర వినోదరాయునిపాలెంలో పుట్టిన టంగుటూరి ప్రకాశం ముఖ్యమంత్రి అయ్యారు. 1954 నవంబరులో ఆయన ప్రభుత్వం పడిపోయింది, అదీ మద్యనిషేధం గొడవ మీద, ఒక్క ఓటు తేడాతో. కల్లుగీత కార్మికుల బతుకు ఏం కావాలన్నది ఆ గొడవకి నడిబొడ్డు. ఆయన పేరుతోనే తర్వాత జిల్లా వచ్చింది.

ఎనభైల్లో వారుణి వాహిని పేరుతో ప్రభుత్వ సారా పాలిథిన్ ప్యాకెట్లలో ఊరూరికీ వచ్చింది. 1992లో పక్కనే నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. అక్షరదీపం చదువుల దగ్గర మొదలైన ఆ మంట రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరి 16న సంపూర్ణ నిషేధం, 1997లో సడలింపు. ఈ చరిత్రంతా ఒక ప్రశ్న చుట్టూ తిరిగింది: తాగనివ్వాలా, వద్దా? దూబగుంట ఆడవాళ్ళకి ఆ ప్రశ్న అడిగే హక్కుంది. సీసాలో ఏమున్నా దాని ఫలితం వాళ్ళ వీపు మీద, వాళ్ళ కూలి డబ్బుల మీద పడింది. కానీ అసెంబ్లీలో ఆ ప్రశ్న గెలిచినా ఓడినా, దాని పక్కనే ఉండాల్సిన రెండో ప్రశ్న ఎప్పుడూ వెనకబెంచీలోనే కూర్చుంది. తాగేవాడు తాగుతూనే ఉన్నప్పుడు, వాడు తాగేది ఏమిటి?

ఈ రెండో ప్రశ్నకి ప్రపంచంలో ఇప్పుడు దొరుకుతున్న జవాబులు వెలుతురుతో ముడిపడి ఉన్నాయి. దానికీ ఒక సీసా కథే ఉంది. 1845లో జాన్ హెర్షెల్ క్వినైన్ ద్రావణాన్ని ఎండలో పెట్టి చూశాడు. నీళ్ళలా ఉన్న ద్రావణం పైపొరలో నీలం మెరిసింది. 1852లో జార్జ్ గేబ్రియల్ స్టోక్స్ దీని గుట్టు విప్పాడు. కంటికి కనిపించని అతినీల కాంతిని పదార్థం మింగి, కంటికి కనిపించే రంగుగా బయటికి ఇస్తోందని చెప్పి, దానికి ఫ్లోరెసెన్స్ అని పేరు పెట్టాడు. పబ్‌లో నల్లదీపాల కింద జిన్ అండ్ టానిక్ గ్లాసు నీలంగా వెలగడం మీరు చూసే ఉంటారు. వెలిగేది జిన్ కాదు, టానిక్‌లోని క్వినైన్.

ఈ వెలుగుకి ఒక గుణం ఉంది. పక్కన ఏ అణువు చేరినా అది మారుతుంది. కొన్ని చేరితే మసకబారుతుంది, కొన్ని చేరితే పెరుగుతుంది. జర్మనీలో హైడెల్బర్గ్ విశ్వవిద్యాలయంలో ఉవె బుంట్స్ బృందం దీన్ని పట్టుకుంది. వెలిగే పాలిమర్లు, వెలిగే ప్రోటీన్లు కొన్ని తీసుకుని, ఒక్కోదాంట్లో కొంచెం విస్కీ కలిపి, ఏది ఎంత మసకబారిందో కొలిచారు. 2017లో వాళ్ళు ప్రచురించిన ఫలితం ప్రకారం ముప్పైకి పైగా విస్కీలని బ్రాండుని బట్టీ, వయసుని బట్టీ, రుచిని బట్టీ విడదియ్యగలిగారు.

ఇది ఎట్లా సాధ్యమని అడిగితే నేను గుంటూరు మిర్చి యార్డుకి తీసుకెళ్తాను. టిక్కీ ముందు నిలబడ్డ వ్యాపారి ఇది తేజానా, 334 రకమా అని చెప్పడానికి ఏ యంత్రమూ వాడడు. గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, ముడత చూస్తాడు, తొడిమ చూస్తాడు, విరిచి గింజ చూస్తాడు, వాసన పీలుస్తాడు. ఇందులో ఏ ఒక్కటీ విడిగా రకాన్ని తేల్చదు. అన్నీ కలిసిన పోలికని తేలుస్తుంది, ఎందుకంటే ఆ పోలికని ఆయన వేలసార్లు చూసి ఉన్నాడు. హైడెల్బర్గ్ పాలిమర్లూ అంతే. ఏ ఒక్క పాలిమరూ విస్కీలో ఫలానా పదార్థం ఉందని చెప్పదు. పీపా కలప నుంచి దిగినవీ, ఊటలో పుట్టినవీ అన్నీ కలిసి అన్ని పాలిమర్ల మీదా వేసిన ముద్రని గణితం గుర్తుపడుతుంది. పేపర్లలో దీన్ని రసాయన నాలుక అంటున్నారు.

అయితే ఈ నాలుక జవాబు చెప్పే ప్రశ్న ఏమిటో చూడండి: ఈ సీసాలో ఉన్నది లేబుల్ మీద ఉన్నదేనా? పన్నెండేళ్ళ స్కాచ్ పేరుతో నకిలీ అమ్ముతున్నారా? ఇది కంపెనీ ప్రశ్న. సుంకం అధికారి ప్రశ్న. వేలు పోసి కొన్నవాడి ప్రశ్న కూడా. క్వార్టర్ సీసా కొన్నవాడికి పన్నెండేళ్ళా పద్దెనిమిదేళ్ళా అన్న బాధ లేదు. వాడికి కావల్సింది ఒక్కటే: ఇది తాగితే రేపు పొద్దున నాకు కళ్ళు కనపడతాయా?

ఆ ప్రశ్నకి వెలుతురు జవాబు ఇంకా పాతది, ఇంకా చవక. 1953లో టి. నాష్ అనే శాస్త్రవేత్త ఒక చిన్న చర్య గురించి రాశాడు. అమ్మోనియా లవణం, అసిటైల్ అసిటోన్ కలిసిన ద్రావణంలో ఫార్మాల్డిహైడ్ పడితే పసుపు రంగు వస్తుంది. ఆ పసుపు పదార్థం సరైన దీపం కింద ఆకుపచ్చగా వెలుగుతుందని తర్వాత తేల్చారు. ఇక మిథనాల్‌కి దారి దొరికినట్టే. మన కాలేయం చేసే పనే గాజు గొట్టంలో చెయ్యాలి. సారా చుక్కని ఆక్సీకరణం చేస్తే, మిథనాల్ ఉంటే ఫార్మాల్డిహైడ్ అవుతుంది, ఇథనాల్ అసిటాల్డిహైడ్ అవుతుంది. నాష్ ద్రావణం మొదటిదానికి పలికినంతగా రెండోదానికి పలకదు. కంటినరాన్ని చంపే అణువే గొట్టంలో దీపమై తన్ను తాను పట్టిస్తుంది. ఎంత ఉందో కచ్చితంగా చెప్పాలంటే గ్యాస్ క్రోమటోగ్రఫీ కావాలి, నిజమే. కానీ “ఇది తాగొద్దు, ముందు ల్యాబ్‌కి పంపండి” అని చెప్పడానికి అంత సరంజామా అక్కర్లేదు.

మన ప్రాంతానికి ఇలాంటి వెలుతురు పరీక్ష కొత్తా అంటే, కాదు. గుంటూరులో ఏళ్ళ తరబడి జరుగుతోంది, కాకపోతే మిరపకాయకి. కల్లంలో కాయ సరిగా ఆరకపోతే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా టర్కీ కోళ్ళు బూజు పట్టిన వేరుశెనగ పిండి తిని చచ్చిపోయాక బయటపడ్డ విషం అది. దీపం కింద నీలంగా వెలిగే రకాలకి బి అనీ, ఆకుపచ్చగా వెలిగేవాటికి జి అనీ పేర్లు పెట్టారు, ఇంగ్లీషులో ఆ రంగుల మొదటి అక్షరాలతో. ఇప్పుడు యూరప్‌కి వెళ్ళే మిర్చిలో బి1 రకం కిలోకి 5 మైక్రోగ్రాములు దాటకూడదు, అన్నీ కలిపి 10 దాటకూడదు. వందకోట్ల పాళ్ళలో ఐదు పాళ్ళన్నమాట. దాన్ని ఆ వెలుగుతోనే కొలుస్తారు. స్పైసెస్ బోర్డు ల్యాబ్ గుంటూరులోనే ఉంది.

ఆ కాయ కోసే చేతులు ఎవరివి? కర్నూలు పడమటి పల్లెల నుంచి సంక్రాంతి దాటాక పిల్లాజెల్లాతో వచ్చి చేల గట్ల మీద గుడిసెలు వేసుకునే వలస కూలీలవి. టిక్కీలు మోసే హమాలీలవి. సాయంత్రం ఒళ్ళు నొప్పులకి వాళ్ళు కొనుక్కునే క్వార్టర్ ఏ బెల్టు షాపులోంచి వచ్చిందో, అందులో ఏముందో చూసే దీపం ఆ దరిదాపుల్లో లేదు. కాయకి ఉంది.

2020 జులై చివర్లో ప్రకాశం జిల్లా కురిచేడులో జరిగింది ఈ వెలితిలోంచి పుట్టిందే. గుంటూరు నుంచి గుంతకల్లు వెళ్ళే రైలు మార్గంలో వినుకొండ, దొనకొండ మధ్య ఊరది. ఆ మే నెలలో రాష్ట్రంలో మద్యం ధరలు రెండు విడతల్లో 75 శాతం పెంచారు. జులైలో కరోనా కట్టడి కోసం కురిచేడులో మద్యం దుకాణాలు మూసేశారు. తాగుడికి అలవాటుపడ్డవాళ్ళు కొందరు శానిటైజర్‌ని నీళ్ళల్లో, కూల్‌డ్రింకుల్లో కలుపుకుని తాగారు. రెండు మూడు రోజుల్లో పదిమందికి పైగా చనిపోయారు. గుడి దగ్గర అడుక్కుని బతికేవాళ్ళూ వాళ్ళలో ఉన్నారు. ఆ సీసాలు పరీక్షకి వెళ్ళింది మనుషులు పోయాక.

ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన పాళ్ళలో శానిటైజర్‌లో 80 శాతం ఇథనాల్, లేదా 75 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ఉండాలి. అది కూడా తాగేది కాదు. కానీ అంతకు నెల ముందే, 2020 జూన్‌లో, కొన్ని శానిటైజర్లలో మిథనాల్ దొరికిందని అమెరికా ఆహార ఔషధ సంస్థ హెచ్చరించింది. సీసా మీద ఆల్కహాల్ అని రాసి ఉంటే లోపల ఏ ఆల్కహాల్ ఉందో చూడాల్సిన అవసరం అప్పటికే ప్రపంచానికి తెలుసు. కురిచేడుకి తెలియజేసే దారే లేదు.

“తాగుబోతులు, వాళ్ళ కర్మ” అన్న మాట అప్పుడు చాలా నోళ్ళలో విన్నాను, చదువుకున్నవాళ్ళ నోళ్ళలో ఇంకాస్త ఎక్కువగా. చెడిన సురని పనివాళ్ళకి కూలి కింద ఇవ్వొచ్చన్న వాక్యానికీ ఈ మాటకీ మధ్య రెండువేల ఏళ్ళ దూరం ఉందంటే నమ్మబుద్ధి కాదు. తాగడం మాన్పించడం ఒక పని. మాన్పించేలోగా చావకుండా చూడటం ఇంకో పని. మొదటిది చేస్తున్నామన్న పేరుతో రెండోదాన్ని వదిలెయ్యకూడదు.

ఇప్పుడు ఐదొందల నోటుని నీలి దీపం కింద పెడితే అంకెలూ నూలుపోగులూ మెరుస్తాయి. ఆ దీపం కిరాణా కొట్లలో కూడా ఉంటుంది. మన మద్యం సీసా మూత మీద మెరిసే హోలోగ్రాం అంటించి ఉంటుంది. అది చెప్పేది సుంకం కట్టారని. స్కాచ్‌కి పాలిమర్లు వెలుగుతున్నాయి, మిర్చికి అఫ్లాటాక్సిన్ వెలుగుతోంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఒక గొట్టం, రెండు ద్రావణాలు, ఒక దీపం పెట్టి, ఎవరైనా సందేహంగా సీసా పట్టుకొస్తే కేసు పెట్టకుండా చూసి చెప్పడానికి అడ్డం వచ్చేది రసాయనశాస్త్రం కాదు. నాష్ ఆ పేపర్ రాసి డెబ్బై ఏళ్ళు దాటింది.